చెప్పులున్నవాళ్ళకి రెండు సెంట్లు

డిసెంబరొస్తే నా కారు నాది కాదు.
హాటో విమానాశ్రయం గాజుతలుపు తెరుచుకోగానే
రోటర్‌డామ్ చలిని కోటు మడతల్లో మోసుకుని
ఎవరో ఒకరు దిగుతారు,
పినతల్లి బిడ్డలు, ఒకప్పటి ఆఫీసు స్నేహితులు,
స్నేహితుల కొత్త భర్తలు.

విల్లెమ్‌స్టాడ్ నాకు కంఠతా వచ్చిన పాఠం.
ఇదిగో రేవు వెంట రంగుల మేడలు,
పసుపు, పగడం, పావురాయి మెడ నీలం.
"తెల్లసున్నం మీద ఎండ పడి తలనొప్పి వస్తోందని
ఎవరో గవర్నరు రంగులేయించాడట" అంటాను.
నవ్వాల్సిన చోట నవ్వుతారు.
కాస్త ఆగి, "రంగుల కొట్టూ ఆయనదేనట" అంటాను.
మళ్ళీ నవ్వుతారు.
కోటలోని మ్యూజియంలో మాత్రం
నలభై నాలుగేళ్ళొచ్చినా నేనింకా అడుగు పెట్టలేదు.
టికెట్లు కొనిచ్చి బయట నీడన నిలబడతాను.

ఈసారి ఎర్మెలిందా అత్త వచ్చింది,
ముప్ఫయ్యొక్కేళ్ళ తర్వాత.
వెంట కోడలు మార్లేన్, మనవడు రోయెండ్లి.
గవర్నరు తలనొప్పికి అత్త నవ్వలేదు.
పాత బజారులో పొగలు కక్కే గిన్నెల ముందు కూర్చోబెట్టి
మేక ఇగురు, మొక్కజొన్న సంకటి పెట్టించాను.
జెముడు పులుసు తీగలు సాగుతుంటే
పిల్లాడు ముఖం చిట్లించాడు.
అత్త అడుగుదాకా జుర్రి, మూతి తుడుచుకుని,
"వాసనేదే, మిలూష్కా?" అంది.
ఏ వాసన?
"చమురు ఫ్యాక్టరీ వాసన.
గాలి ఇటు తిరిగితే దుప్పట్లకి పట్టేది,
రొట్టెలకి పట్టేది, మా నాన్న మీసాలకి పట్టేది."
మూసేశారత్తా, అన్నాను.
అయినా ఆవిడ ముక్కు ఊరుకోలేదు,
బియ్యంలో రాయి ఏరినట్టు
గాలిలో ఆ కంపుని ఏరుతూనే ఉంది.

ఒట్రోబాండాకి నడిచి దాటుదామన్నాను.
ఒట్రోబాండా అంటే అవతలి ఒడ్డు, పేరే అంత.
అక్కడ పుట్టిన అత్తకి
అవతల ఉన్నది మేమే.

వంతెన నడిమికి రాగానే గంట మోగింది,
నారింజ జెండా లేచింది.
పడవల వరస మీద తేలే వంతెన అది.
ఓడొస్తే తలుపులా పక్కకి తెరుచుకుంటుంది,
మీదున్న మనుషుల్ని మీదే ఉంచుకుని.
మార్లేన్ పిల్లాడి చెయ్యి పట్టుకుని పరుగు తీసింది.
అత్త కదల్లేదు.
వంగి, చెప్పులు విప్పింది.

"మా అమ్మమ్మ చెప్పేది.
అప్పట్లో చెప్పులున్నవాళ్ళకి రెండు సెంట్లు సుంకం,
వట్టికాళ్ళకి ఊరికే.
ఉన్నవాళ్ళు చెప్పులు చంకలో దాచుకుని దాటేవాళ్ళట.
ఈవిడేమో పక్కింటావిడ జత అరువు తెచ్చుకునేది,
ఒక నంబరు పెద్దవి,
ఈడ్చుకుంటూ వచ్చి, రెండు సెంట్లు కట్టి మరీ దాటేది.
పోయేది మాత్రం ఎవరింట్లోనో అంట్లు తోమడానికి."

ఇంజను గురగురలాడింది.
మేం నిలబడే ఉన్నాం, మేడలే కదిలాయి.
పసుపు మేడ పగడం మేడ చాటుకి జరిగింది,
నా పాఠంలోని ఊరు
నాతో మాట మాత్రం అనకుండా
అటు తిరిగి పడుకుంది.
ఇంత హడావుడీ చేసి దాటింది
పొగ వదిలే ఒక టగ్గు పడవ.

నేనూ బూట్లు విప్పాను.
పలకలు పెనంలా కాలుతున్నాయి.
ఇద్దరం ఒంటికాలి మీద గెంతుతుంటే
గట్టు మీంచి రోయెండ్లి ఫోటో తీశాడు.
అందులో మా ముఖాల్లేవు, పాదాలే ఉన్నాయి,
ఒకటి గాల్లో.

సోమవారం వాళ్ళు వెళ్ళిపోయారు.
సీటు కింద ఆవిడ చెప్పులు దొరికాయి,
గోధుమరంగువి, మడమ దగ్గర అరిగినవి.
ఫోన్ చేస్తే, "ఉంచు. ఎవరైనా అడిగితే అరువియ్యి" అంది.
వేసి చూశాను.
ఒక నంబరు పెద్దవి.

శనివారం ఉట్రెక్ట్ నుంచి ఎవరో నలుగురు దిగుతున్నారు.
కారు కడిగించాలి.