వెనక నిలబడ్డ చేతులు

మొహాలు మాత్రం నన్నడక్కండి.
పదకొండేళ్లు నేను వంగునే ఉన్నాను.
బంతి మీద రెండు చేతులు, కళ్ల ముందు గడ్డి,
గడ్డికి అవతల
నన్ను తొక్కడానికే జీతం తీసుకునే మనిషి.
క్వార్టర్‌బ్యాక్‌లంతా నా వెనకే నిలబడ్డారు.
మర్నాడు పేపర్లో వాళ్ల ఫొటో పడేది,
కింద మూలకి నా నడుం పడేది.

నాకు వాళ్ల చేతులు తెలుసు.
మణికట్లు నా తొడల మధ్య ఆనించి
అంకెలు అరిచేవాళ్లు.
ముందే ఒప్పుకున్న అంకె దగ్గర
బంతి విసురుగా వెనక్కి.
అంతే మా కాపురం.

ఎమరీ టటిల్‌వి చెక్క చేతులు.
కెంటకీవాడు. వేసవంతా సిమెంటు లారీ తోలేవాడు.
ఆరు నెలలు ఆట, ఆరు నెలలు ఏ పని దొరికితే ఆ పని.
నేను ఎరీలో
బౌలింగ్ హాల్లో పడిపోయిన పిన్నులు నిలబెట్టేవాణ్ణి.
అప్పట్లో హెల్మెట్‌లో ఎవరూ గుసగుసలాడేవారు కాదు,
గట్టు మీద కోచ్ చలికి కాళ్లు కొట్టుకుంటూ ఉండేవాడు.
ఆట మొత్తం టటిల్ బుర్రలోనే పుట్టాలి.
అందరం గుండ్రంగా మూగితే
మోకాలి మీద కూర్చుని వేలితో బురదలో గీసేవాడు:
నువ్విటు. నువ్వటు.
స్టాష్, నువ్వు చావకు.

లైల్ వాండర్‌స్లూట్‌వి మెత్తని చేతులు,
గోళ్లు కత్తిరించుకోవడానికి వేరే డబ్బా ఉండేది.
నవ్వుకునేవాళ్లం.
మొహానికి ఒకే ఒక్క కమ్మీ ఉన్న హెల్మెట్లవి.
ఆ కమ్మీ కిందనుంచి ఓ మోచెయ్యి దూరిన రోజు
ఊడిన మూడు పళ్లు నా అరచేతిలో పోసి
"పడేయకు" అని, మళ్లీ అంకెలు మొదలెట్టాడు.
పళ్ల సందుల్లోంచి అంకెలన్నీ గాలిపోయాయి.
అయినా అర్థమయ్యాయి.
మళ్లీ ఎవరూ నవ్వలేదు.

ఇక హాలిస్ ప్రూయెట్.
మూడేళ్లు బెంచీ మీద,
ఉతికిన చొక్కా ఉతికినట్టే ఇంటికి.
డిసెంబరు, సరస్సు మీదనుంచి మంచు అడ్డంగా కొడుతోంది.
వాండర్‌స్లూట్ మెడ ఎముక విరిగింది.
చంకల్లో దాచుకున్న చేతులు బయటికి తీస్తూ
హాలిస్ పరిగెత్తుకొచ్చాడు.
"రెండు మీద" అన్నాడు. అందరం విన్నాం.
వణుకుతున్న చేతులు వచ్చి ఆనాయి.
"ఒకటి" అన్నాడు.
నేను వదిలేశాను.

ఎందుకంటే ఏం చెప్పను.
నలభై ఏళ్లలో చాలా కారణాలు కుట్టి చూసుకున్నాను,
ఒక్కటీ ఒంటికి పట్టలేదు.
బంతి అతని బొటనవేలిని వెనక్కి విరిచి
మంచులో ఎగిరెగిరి వాళ్ల చేతుల్లోకి వెళ్లింది.
ఆట పోయింది. ఆ ఏడూ పోయింది.
రాత్రి విలేఖరులు చుట్టూ మూగితే
కట్టు కట్టిన చెయ్యి చూపించి
"నాదే, జారింది" అన్నాడు హాలిస్.
నేను పక్క బెంచీ మీద
బూటు లేసు విప్పుతున్నాను.
ఒక లేసు విప్పడానికి ఎంతసేపు పడుతుందో
ఆ రాత్రి తెలిసింది.

వసంతంలో అతనికి ఉత్తరం వచ్చింది, ఇక రావద్దని.
ఆష్టబ్యూలాలో ఇంటికప్పుల రేకులు అమ్ముకున్నాడు.
క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు. ఓ ఏడు మాత్రం
అడుగున చిన్నక్షరాలు:
"వానొచ్చే ముందు బొటనవేలు చెబుతుంది.
నా వ్యాపారానికి భలే పనికొస్తోంది."
జవాబు మొదలెట్టాను.
చాలాసార్లు మొదలెట్టాను.

మొన్న మంగళవారం పెట్టెలో చూశాను ఆ చేతులు,
ఒకదాని మీద ఒకటి, పౌడరద్ది.
గుర్తుపట్టలేదు.
చూసి గుర్తుపట్టే చేతులు కావవి.
"నాన్నకి మీరేమవుతారు?" అంది కూతురు.
"నా వెనక నిలబడేవాడమ్మా" అన్నాను.
ఇంకా చెప్పాలని నోరు తెరిచాను,
అంతలో ఎవరో వచ్చి ఆమె భుజం పట్టుకున్నారు.

మోసేవాళ్లు ఆరుగురం.
నడుం పాడైందన్నా వినకుండా
ముందు మూల నేనే అడిగి తీసుకున్నాను.
మూత వేశారు. పెట్టె నా వెనక పడింది.
వంగి పిడి పట్టుకున్నాను.
"ఒకటి" అన్నాడు పక్కవాడు.
తక్కిన వాళ్లు ఎత్తేశారు,
పెట్టె నా వైపు ఒరిగింది.

నేను రెండు దాకా ఆగాను.