దిండూ నదీ

లాము దీవిలో నది లేదు.
ఉప్పు తగిలే బావులూ, ఇసుకదిబ్బల కింద కాసిని తీపి ఊటలూ,
గాడిదల మీద డబ్బాల్లో ఊగుతూ వచ్చే నీళ్ళూ, అంతే.
మా మాలిం బ్వానహేరికి
నది అనే మాట దగ్గరే కలం ఆగిపోయింది,
పదకొండు రోజులు.

స్వాహిలీలో నదికి మాట లేక కాదు.
పెదవులు మూసి మొదలుపెట్టాలి దాన్ని: మ్‌తో.
తలకింద పెట్టుకునే దిండుకీ అదే మాట.

ఆయన పద్ధతి ఆయనది.
అసర్ నమాజు అయ్యాక, ఆ పూట రాసిన కాగితం నా చేతికిచ్చి
చేపలరేవుకి పంపేవాడు.
"చదువు. ఎవరి చేతిలో కత్తి ఆగిందో చూసిరా."
పన్నెండేళ్ళ పిల్లని. పొలుసుల మధ్య నిలబడి
స్వర్గం గురించి చదివాను.
మ్వనఖమీసీ కత్తి ఆగింది. పగలబడి నవ్వింది.
"చెట్ల కింద దిండ్లా! మంచిదే,
నా నడుముకి అక్కడైనా సుఖం!"

పరుగున వచ్చి చెబితే కోప్పడతాడనుకున్నాను.
చాలాసేపు గోడకేసి చూసి
"ఆవిడ తప్పు వినలేదే" అన్నాడు.

శుక్రవారం పెద్దలు వచ్చారు. చెప్పులు విడవలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు.
దేవుడి మాట చేపల కంపు కొడుతోందన్నారు.
"చేపలు ఎవరివి?" అన్నాడు. కాఫీ పోయించాడు.
ఎవరూ తాగలేదు.
మర్నాటి నుంచి మసీదులో పాఠం చెప్పే పని లేదు.
రేవులో మడకొయ్యల లెక్క రాసే పని దొరికింది,
ఇరవై కొయ్యలకొక గీత.
కాగితానికి ఒకవైపు కొయ్యలు, వెనకవైపు స్వర్గం.

పంతొమ్మిదేళ్ళు.
ముందు కళ్ళు పోయాయి, తర్వాత కాళ్ళు.
ఇంకా మూడు అధ్యాయాలున్నాయి.
చివరి వానల్లో, మంచం మీద తల నిలవకపోతే
రాతప్రతిని గుడ్డలో చుట్టి తలకింద పెట్టాను.
తడిమి చూసుకున్నాడు. పెదవులు మూశాడు,
ఆ మాట మొదలుపెట్టడానికో,
నవ్వు ఆపుకోవడానికో.

ఆ కట్ట ఇప్పుడు నా దగ్గరుంది.
ఆయన తలకి రాసిన కొబ్బరినూనె దిగి
నలభయ్యో కాగితం దాకా పలచబడింది.
దీపం ముందు పట్టుకుంటే
ఇవతలి స్వర్గంలోంచి
అవతలి కొయ్యల గీతలు కనిపిస్తాయి.
నది అనే చోట రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాశాడు.
ఏ అర్థంలో అని అడుగుతుంది మ్వనఖమీసీ మనవరాలు.
నాకేం తెలుసు.
రేపు రేవుకి తీసుకెళ్ళి చదవాలి.