చెప్పుల కాపలా

రెండేండ్లు ఆ పిల్లను
చెప్పుల కాడ కూర్చోబెట్టింది నేనే.
ఆటల పీరియడ్ గంట కొడితే చాలు
మాబున్నీ తనంతట తానే పోయి
గోడ నీడలో అరవై చెప్పుల మధ్య కూర్చునేది.
రిజిస్టర్లో మాత్రం ‘పాల్గొన్నది’ అని రాసేవాణ్ని.
ఎర్ర సిరా, గుండ్రటి అక్షరాలు.

ఏ చెప్పు ఎవరిదో తడిమి చెప్పేది.
మడమ అరిగింది నాగవేణిది,
పిన్నీసు గుచ్చింది తిప్పమ్మది.
‘మీ కుడి బూటు కిర్రంటాది సార్’ అనేది.
నవ్వేవాణ్ని.
అదే ఆమె ఆట అనుకున్నా.

ఉరవకొండ గాలి తెలుసు గదా,
సున్నం గీతల్ని కూడా ఊడ్చుకుపోయే రకం.
ఆ పొద్దు శనక్కాయ పీకను సగం క్లాసు చేలకు పోయింది.
కబడ్డీకి ఒకరు తక్కువ.
ఆపుదామనుకుంటే గోడ కాణ్ణించి గొంతు:

‘సార్, కూతకొచ్చేది నోరు మూయగూడదు గదా.
ఇంగ నాకు కండ్లెందుకు?’

ఎదుటివాళ్లు తమ జాడ తామే చెప్పుకుంటూ రావాల్సిన ఆట!
పద్దెనిమిదేండ్లు ఈల ఊదినా
ఒక్కసారీ వినలేదు నేను.

గొలుసు కట్టినారు.
బడికి తీసుకొచ్చే చెయ్యి ఆమెకు తెలుసు,
మెట్లు దించే చెయ్యి తెలుసు.
ఇది వేరే చెయ్యి.
చెమటది. లాగేది.
నువ్వూ లాగు అనేది.

గీతలు కాలికి తెలియాలని
సున్నం కింద కొబ్బరితాడు పూడ్చినాం.
గాలి పెద్దదైతే ఆపుతాం,
కూత ఎగిరిపోతుంది కాబట్టి.
బయట కూర్చున్నోళ్లు అరవగూడదు.
ఇది నేర్పేదానికి నెల పట్టింది.
మాబున్నీకి ఆట నేర్పింది నాలుగు రోజులే.

మోకాలు చెక్కుకుపోయిన రోజు
వాళ్లమ్మ వచ్చింది, కొట్లాటకే వచ్చింది.
‘ముట్టుకోవద్దు మా, ఇంగా పక్కు కట్టలేదు’ అని
పిల్ల కాలు పక్కకు తిప్పుకుంది
దొంగ జామకాయ దాచుకున్నట్టు.

మొన్న శుక్రవారం నాగవేణి కేక:
‘తొండి సార్! మాబున్నీ తొండి ఆడతాంది!
నా జడ పట్టుకునింది!’
‘అది జడని నాకెట్ల తెలుస్తాది మే?’
‘తెలుస్తాది! నీకన్నీ తెలుస్తాయి!’

మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.
రెండేండ్లలో ఆ పిల్లతో ఎవరూ పోట్లాడింది లేదు.
‘అయ్యో పాపం’ తప్ప ఒక మాట అన్నది లేదు.
ఈల నోట్లోనే ఉంది.
ఊదలేదు.

చెప్పులకిప్పుడు కాపలా లేదు.
నిన్న కూత చూపిద్దామని విప్పిపెడితే
కుక్క నా బూటు ఎత్తుకుపోయింది.
కుడిదే,
కిర్రనేది.