గంట నాలుక

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
తెల్లారుజామున ఐదింటికి తాడు లాగితే
గంట ఊగింది, మాట్లాడలేదు.
"నాలుక పోయింది" అంది సిస్టర్ స్కొలాస్టికా,
నాడి చూసి చెప్పినట్టు.

గుంటూరు కాన్వెంటు హాస్టల్లో
నాకప్పుడు పదమూడేళ్లు.
టార్చిలైటు పట్టుకోవడం నా ఉద్యోగం.

మదర్ గారు పోలీసులకి ఫోను చేస్తానన్నారు.
సిస్టరు ఒక్క పూట గడువడిగింది,
వడియాలు ఎండేదాకా ఆగమన్నట్టు.

ఉప్మా కంటే ముందే అనుమానాలు ఉడికాయి.
పాతినప సామాన్ల మస్తాను నిన్న గేటు దగ్గర ఆగాడంట,
ఇంకేం, అందరి నోటా అతనే.
వాచ్‌మన్ ఇన్నాసి, నిద్రపోయానని ఒప్పుకోడం కంటే
దొంగననిపించుకోడమే నయమనుకున్నాడు.
జాబితాలో నేనూ ఉన్నాను,
ఆ గంటకి నోరు పడిపోనని
చలికాలమంతా శపించినదాన్ని.

సిస్టరు మెట్లెక్కింది.
డెబ్బై ఒకటో ఏడు, మెట్టుకో మంగళవార్త జపం.
దూలం మీద వంకీ ఇనుము గీసిన కొత్త గీత.
తాడుకి చిక్కుకున్న గోనె పీచు.
సున్నపు గోడ మీద ఎర్రగా ఒక వేలిముద్ర.

"రక్తం!" అన్నాను.
ఆమె వేలితో అద్ది నాలిక్కి రాసుకుంది.
"బాడిగ. రంగెక్కువ, ఘాటు తక్కువ.
మన వంటింట్లోది తేజ.
మా నాన్న ఫిరంగిపురంలో మిరప వేసేవాడు,
సత్యోపదేశం కంటే ముందు నాకిది వచ్చు."

మెట్టు మీద కూలబడి, "విను" అంది.
"ఏం వినపడట్లేదు సిస్టర్."
"రోజూ ఈ వేళకి?"
రోజూ ఈ వేళకి గోడవతల
ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తూ ఉంటుంది.
ఇవాళ లేదు.

సిస్టరు బాలింత కారం సీసా ఒకటి చంకన పెట్టుకుంది.

రేకుల గదిలో మిర్చియార్డు హమాలీ బాలశౌరి.
రాత్రంతా టిక్కీలు దింపి మూడింటికి ఒరిగే మనిషి.
గోడకి కొక్కెం. ఇరవై రోజుల పిల్ల.
తల్లి కళ్లకింద మసి.
మంచం కింద గోనెసంచి, దాంట్లో ఏదో బరువు.
సిస్టరు అటు చూడనేలేదు.
"పిల్లకి పేరు పెట్టారా?" అంది.

అంతే, అంత మనిషీ కూలిపోయాడు.
"ఒక్క గంట కోసమేనమ్మా."
ఏ గంట అని ఆమె అడగలేదు.

బావి గట్టున దొరికిందని మదర్ గారికి చెప్పింది.
శనివారం పాపసంకీర్తనానికి వెళ్లి
చాలాసేపు ఉండి
నవ్వాపుకుంటూ బయటికొచ్చింది.

యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చేదాకా
మా గంట నాలిక్కి పాత దుప్పటి ముక్క చుట్టుకుని
గొంతు తగ్గించి మాట్లాడింది.
దేవుడికీ మాకూ వినపడేది,
గోడ దాటేది కాదు.

మస్తానుకి ఎవరూ ఏమీ చెప్పలేదు.
సిస్టరే గేటు దాకా నడిచి
విరిగిన ఇనప కుర్చీలు నాలుగు
బేరం లేకుండా అతని బండెక్కించింది.

వేలిముద్ర తుడిచెయ్యమని
నాకు తడిగుడ్డ ఇచ్చింది.
సగమే తుడిచాను.