కందిళ్ల రాత్రి

ఇరవై మూడు రోజులుగా మాటలే,
మనుషులం ఇంకా కలవలేదు.
"కాకతీయుల వేషాలేద్దాం" అన్నడు మట్టెవాడ రాజమల్లు.
"కిరాయి ఎవరు కడ్తరు?" పరకాల నుంచి స్వరాజ్యం.
ఆఖరికి కందిళ్ల రాత్రని ఖాయం చేసుకున్నం.

మ్యూజియం కావలి సారయ్య
తాళంచెవుల గుత్తి తిప్పుకుంట విని
"నూనె చుక్క పడ్డదనుకో,
రాయి తాగుతది, మల్ల కక్కది" అన్నడు.
సరే, బ్యాటరీ కందిళ్లే.
సకినాలు బయట, మెట్ల మీద.

పేర్ల చీటీలు రాస్తుంటే అడిగిండు:
"ఒకర్నొకరు ఎట్ల గుర్తువడ్తరు?"
జవాబు లేదు.
లోపల, మొకం చెదిరిన రాతిపిల్లను చూపి
"ఈమెను నేను
కాలి అందెతోని పోల్చుకుంట."

చీటీలు పక్కన పెట్టినం.
ఆ రాత్రే స్వరాజ్యం రాసింది:
నా ఎడమ చెప్పుకు ఎర్రదారం కుట్టు.