స్థైతిక ఘర్షణ

మే నెల తిరుపతి. కిటికీలో కొండ ఎండకు వెలిసిపోయింది.
ఫిజిక్స్ బ్లాకులో ఫ్యాను
తిరుగుతున్నానని చెప్పడానికే తిరుగుతోంది.
బ్రిడ్జి కోర్సు. పుంగనూరు, నగరి, పలమనేరు బస్సులు దింపిన
ఇరవై ముగ్గురు.
బలం తెలుసు, ఫోర్సూ తెలుసు,
రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు.

బోర్డు మీద మ్యూ రాశాను.
"పిల్లి కూత మాదిరుంది సార్" అన్నాడు చెంగల్రాయుడు.
నవ్వారు. నవ్వనీ,
నవ్వినంతసేపూ భయం వరండాలో నిలబడుతుంది.

"ఆగినదాన్ని కదిలించడం కష్టమా,
కదిలేదాన్ని తోయడమా?"
తలలన్నీ నోటు పుస్తకాల్లోకి దిగిపోయాయి.
జవాబు అక్కడ లేదని వాళ్ళకూ తెలుసు.

చివరి బెంచీ నుంచి షమీమున్నీసా,
లేవకుండానే:
"సెలవల్లో గుజ్జు ఫ్యాక్టరీకి పోతాం సార్, చిత్తూరు పక్క.
తోతాపురి క్రేట్లు.
మొదటి నూకుడుకే నడుం విరిగేది.
కదిలిందంటే మాత్రం
ఆపేదానికి ఇంకో మనిషి కావాల."

సుద్దముక్క నా చేతిలో ఆగింది.
ఆరేళ్ళుగా ఈ గదిలో నేను గీస్తున్న
నున్నటి దీర్ఘచతురస్రానికి
ఎప్పుడూ మామిడి సొన అంటలేదు.

బోర్డు దగ్గరికి పిలిచాను.
ఘర్షణ ఎటు? అంటే
క్రేటు నుంచి తన భుజం వైపు
బాణం గీసింది.

పరీక్షలో మైనస్ గుర్తు మరిచి
పదికి ఆరు తెచ్చుకుంది. ఆరే వేశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి
చివరి బెంచీ జానెడు ముందుకు జరిగి ఉంది.
కింద నాపరాయి మీద
తెల్లటి గీత.