కాటా చీటీ

దామలచెరువు మామిడి మండీలో
నాది కాటా గుమాస్తా పని.
లారీ నిండుగా ఎక్కుతుంది, ఖాళీగా ఎక్కుతుంది,
రెంటికీ మధ్య తేడాయే సరుకు.
ఇరవై రెండేళ్లుగా నాకొచ్చిన లెక్క ఇదొక్కటే.

ఆ రాత్రి రెడ్డెమ్మ టీచరు
కాటా గది మిద్దె మీద టెలిస్కోపు నిలబెట్టి
ఒక రాయి సంగతి చెప్పింది.
పేరు లేదు, నంబరే. లారీ మాదిరే.
కుజుడికీ గురుడికీ నడుమ దాని బాట,
ఒక చుట్టుకు నాలుగేళ్ల ఏడు నెలలు;
మన బాటకు పదకొండు డిగ్రీలు వాలి
ఒకసారి సూర్యుడికి కాస్త దగ్గరై, ఒకసారి ఎడమై,
ఏడు గంటలకోసారి తనలో తాను పొర్లుతూ.

"రంగు?" అన్నాను.
"బొగ్గే నయం. నూరు పాళ్ల ఎండ పడితే
తిరిగిచ్చేది నాలుగు."
మా మండీలో కమీషనే నూటికి పది.

గట్టి రాయి కూడా కాదంట.
ఎప్పుడో పగిలి, ఆ ముక్కలే మళ్లీ కుప్పై,
మధ్యమధ్య సందులతో
తాడూ పట్టా లేకుండా నిలిచిన కాయల రాశి.

"మరి కొలిచేదెట్లా?"
"చుక్కకు అడ్డమొస్తుంది. నీడ మన మీదుగా పోతుంది.
నువ్వు గడియారం నొక్కు, చాలు."

మూడు గంటల పదకొండు నిమిషాలు.
కింద కుళ్లిన తోతాపురి వాసన.
చుక్క ఉంది. ఉంది. ఉంది.

లేదు.

మబ్బు లేదు, ఎవరూ ఊదలేదు.
నా బొటనవేలు తనంతట తనే నొక్కింది.
మళ్లీ వచ్చింది చుక్క, ఏమీ ఎరగనట్టు.

నాలుగు పాయింటు రెండు సెకన్లు.
పీలేరు నుంచి చెంగల్రాయులు: రెండు పాయింటు తొమ్మిది.
కుప్పం నుంచి షాహీన్, ఏడుపు గొంతుతో:
"నాకు ఆరనే లేదు మేడం."
"ఆరకపోయేదీ కొలతే పిల్లా,
దాని అంచు నీకు ఇవతలే అని చెప్పింది నువ్వే కదా."

సెకనుకు పద్నాలుగు కిలోమీటర్ల నీడ.
గుణిస్తే, మా నెత్తిన పోయిన అడ్డం యాభై తొమ్మిది.
ఇక్కడ మొదలుపెడితే తిరుపతి దాటి రేణిగుంట దాకా.
బతుకంతా తేడాలు తూచినోణ్ణి,
ఉత్త ఖాళీని తూచింది అదే మొదలు.

నిద్రమబ్బులో ఆ అంకె
మండీ రిజిస్టర్లోనే రాసేసినాను.
పొద్దున ఎత్తిరాజులు నాయుడు వేలు పెట్టి అడిగినాడు:
"నాలుగు పాయింటు రెండు. ఏ లారీరా ఇది?
కాటా చార్జి వసూలు చేసినావా?"